గాయం నుంచి తిరిగొచ్చిన స్టార్ ఫుట్‌బాల్ ఆటగాణ్ణి వెంటనే మొదటి పదకొండు మందిలో దించాలా?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్ళీ చెప్తాను. స్పెయిన్ మిడ్‌ఫీల్డర్ రోడ్రి లాంటి ఆటగాడు ఏసీఎల్ (మోకాలిలో ఎముకలను కలిపి పట్టి ఉంచే ముఖ్యమైన లిగమెంట్) ఆపరేషన్ చేయించుకుని ఎనిమిది నెలలకు తిరిగొచ్చాడు. మీ ఫ్రెండ్స్‌లో సగం మంది "ఫిట్ అని క్లబ్బే చెప్పింది కదా, మొదటి నిమిషం నుంచీ ఆడించాలి" అంటున్నారు. మిగతా సగం మంది "అతని పని అయిపోయింది, ఆ చోట బాగా ఆడుతున్న కుర్రాణ్ణి కదపొద్దు" అంటున్నారు. ఎవరి మాట రైటు? పాత ఫామ్ రావడానికి ఎంతకాలం పడుతుంది? ఎదురుగా ఉన్నది ఫైనల్ అయితే లెక్క మారుతుందా?

సూటిగా చెప్పాలంటే: వెంటనే మొదటి పదకొండు మందిలో వద్దు. బెంచ్ మీద కూర్చోబెట్టి, చివరి 20-30 నిమిషాలకు దించి, ఆ నిమిషాలను వారం వారం పెంచుకుంటూ పోవాలి. ఏసీఎల్ అంత పెద్ద గాయమైతే, తిరిగొచ్చాక పది పన్నెండు మ్యాచ్‌లు వరసగా ఆడేదాకా ఫామ్ మీద తీర్పు చెప్పకండి. ఫైనల్ అయినా నా జవాబు ఇదే. గోల్‌కీపర్ విషయంలో మాత్రం కొంత సడలింపు ఉంది, కింద చెప్తాను.

నేను హైదరాబాద్‌లో స్పోర్ట్స్ ఫిజియోని. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువ మంది లోకల్ లీగ్ ఆటగాళ్ళు, యూనివర్సిటీ జట్ల వాళ్ళు, అకాడమీ పిల్లలు. యూరప్ స్టార్లకు ఉండే యంత్రాలు, వంటవాళ్ళు, సొంత డాక్టర్లు వీళ్ళకు ఉండరు. కానీ కొత్త లిగమెంట్ ముదరడానికి శరీరం తీసుకునే సమయం డబ్బుతో తగ్గేది కాదు. అందుకే మా గ్రౌండ్‌లో చూసిన విషయాలు, టీవీలో అందరం చూసిన మ్యాచ్‌లు కలిపి చెప్తున్నాను.

ముందు మోకాలి సంగతి. ఏసీఎల్ పూర్తిగా తెగితే సాధారణంగా తెగిన ముక్కలనే తిరిగి కుట్టరు. ఆటగాడి శరీరం నుంచే, తొడ వెనక కండరపు టెండన్‌నో (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) మోకాలి చిప్ప కింది టెండన్‌నో కొంత తీసి, దాన్ని కొత్త లిగమెంట్‌గా అమరుస్తారు. శరీరం దానికి రక్తప్రసరణ ఏర్పరచుకుని, మెల్లగా తన లిగమెంట్‌గా మార్చుకుంటుంది. మొదటి నెలల్లో అది అమర్చిన రోజు కన్నా బలహీనంగా కూడా అవుతుంది. కొత్తగా పోసిన స్లాబ్ పైకి గట్టిగానే కనబడుతుంది, అయినా సెంట్రింగ్ ఊడదీయడానికి మేస్త్రీ ఆగమంటాడు చూడండి, అచ్చం అలాగే. నొప్పి పోతుంది, వాపు పోతుంది, ఆటగాడికి ఇంక బాగైపోయిందని గట్టి నమ్మకం వస్తుంది. లోపల పని మాత్రం ఏడాది దాటినా సాగుతూనే ఉంటుంది.

నార్వే, అమెరికా పరిశోధకులు కలిసి చేసి 2016లో ప్రచురించిన ఒక అధ్యయనం మా వృత్తిలో అందరికీ నోటికి వచ్చు. ఆపరేషన్ తర్వాత తొమ్మిదో నెల వరకు, ఆటకు తిరిగి వెళ్ళడాన్ని ఒక్కో నెల వాయిదా వేసినకొద్దీ మోకాలికి మళ్ళీ గాయమయ్యే రేటు 51 శాతం చొప్పున తగ్గింది. నెలకు సగం. ఇంతకన్నా చవకైన మందు మా దగ్గర లేదు. అందుకే "ఆరు నెలలకే వచ్చేశాడు, ఎంత పట్టుదలో!" అని ఎవరైనా మెచ్చుకుంటుంటే నాకు టెన్షన్ మొదలవుతుంది.

యూరప్ పెద్ద క్లబ్బుల గాయాలను అక్కడి ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ తరఫున 2001 నుంచి నమోదు చేస్తున్న బృందం లెక్కలు కూడా చూడండి. ఏసీఎల్ తెగిన ఆటగాళ్ళలో 97 శాతం మంది మళ్ళీ మ్యాచ్ ఆడారు. మూడేళ్ళ తర్వాత కూడా అదే అత్యున్నత స్థాయిలో ఆడుతున్నవాళ్ళు 65 శాతం. అంటే "అతని పని అయిపోయింది" అనేవాళ్ళు చాలావరకు తప్పే. "ఏముంది, అందరూ తిరిగొస్తున్నారు కదా" అనేవాళ్ళకు కూడా ఆ రెండో అంకె మింగుడు పడదు. రావడం దాదాపు ఖాయం. నిలబడటమే ఆ తర్వాతి ఏడాదిలో జరిగేదాన్ని బట్టి ఉంటుంది. సెలక్షన్ మీద మనం పోట్లాడుకునేది కూడా సరిగ్గా ఆ ఏడాది గురించే.

డాక్టర్ ఇచ్చే క్లియరెన్స్ జట్టుతో కలిసి ఆడొచ్చు అన్నంతవరకే. ఆ రోజు మేం చూసేది ఏమిటంటే, ఆపరేషన్ అయిన కాలి బలం రెండో కాలితో పోలిస్తే 90 శాతమైనా ఉందా, ఒంటికాలి మీద గెంతితే రెండు వైపులా దాదాపు ఒకే దూరం వస్తోందా, దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలుతోందా, మర్నాడు పొద్దున వాపు ఉందా. అన్నీ బాగుంటే పచ్చజెండా ఊపుతాం. 80వ నిమిషంలో, ఊపిరి అందనప్పుడు, వెనక నుంచి ఒకడు మీదకు వస్తుంటే ఆ మోకాలు ఏం చేస్తుందో జిమ్‌లో ఏ పరీక్షా చెప్పదు.

ఇక్కడ ఒక కుర్రాడి సంగతి చెప్పాలి. లోకల్ లీగ్‌లో సెంట్రల్ మిడ్‌ఫీల్డర్, కుడి మోకాలి ఏసీఎల్. అన్ని పరీక్షలూ పాసయ్యాడు. బలంలో కుడికాలు ఎడమకాలిని మించిపోయింది కూడా. మొదటిసారి ఐదుగురు ఐదుగురు చొప్పున చిన్న గ్రౌండ్‌లో ఆట పెట్టాం. నేను బంతిని వదిలేసి అతని మెడనే చూస్తూ నిలబడ్డాను. గాయానికి ముందు వీడియోల్లో, పాస్ తన దగ్గరికి వచ్చేలోపే రెండు భుజాల మీదుగా వెనక్కి చూసి ఎవరెక్కడున్నారో లెక్క కట్టేసేవాడు. ఇప్పుడు ఒక్కసారి కూడా చూడట్లేదు. కళ్ళు బంతి మీద, తన కాలి మీద. పాస్ అందాక తల ఎత్తుతున్నాడు, అప్పటికే ఎదుటివాడు మీదకు వచ్చేస్తున్నాడు. పైగా కుడికాలు ఆనించి తిరగాల్సిన ప్రతిచోటా ముందు ఒక చిన్న అడుగు అదనంగా వేస్తున్నాడు. అర సెకను కూడా ఉండదు. కానీ మిడ్‌ఫీల్డ్‌లో ఆ అర సెకనే ఆట. గట్టు మీద ఉన్న అతని ఫ్రెండ్స్ "స్లో అయిపోయాడు సార్" అన్నారు. స్లో కాలేదు, పరుగు సమయాలు పాతవే. మోకాలికి కాపలా కాయడంలో మెదడు పడిపోయింది, ఆట చూడటానికి దానికి తీరిక లేదు.

ఆ కాపలా ఎత్తేయడానికి మందు లేదు, ఎక్సర్‌సైజూ లేదు. మ్యాచ్‌లే. గెలుపు ఓటమి తన ఒక్కడి మీద ఆధారపడని మ్యాచ్‌లు, ముందు పది నిమిషాలు, తర్వాత ఇరవై. ఒకరోజు ఎవరో గట్టిగా ట్యాకిల్ చేస్తారు, కిందపడతాడు, లేస్తాడు, మోకాలికి ఏమీ కాలేదని తనకే తెలుస్తుంది. నేను చూసినవాళ్ళలో చాలామందికి అసలు ఆట తిరిగొచ్చింది అలాంటి దెబ్బ ఒకటి తగిలాకే. అతనికీ అంతే. ఆ తర్వాతి వారం మెడ తిరగడం మొదలైంది.

ఇప్పుడు మీరు అడిగిన రోడ్రి సంగతి. 2024 సెప్టెంబర్ 22న మాంచెస్టర్ సిటీ తరఫున ఆర్సెనల్‌తో మ్యాచ్‌లో ఏసీఎల్ తెగింది. మరుసటి నెలలోనే, ప్రపంచ ఉత్తమ ఆటగాడికి ఇచ్చే బాలన్ డోర్ అందుకున్నాడు, అదీ ఊతకర్రలతో వెళ్ళి. 2025 మే 20న బోర్న్‌మత్‌పై చివర్లో కాసేపు దిగాడు. ఇంతవరకు లెక్క ప్రకారమే నడిచింది. చిక్కు ఆ తర్వాత వచ్చింది. జూన్‌లో క్లబ్ వరల్డ్ కప్. మామూలు సీజన్ ముగిశాక ఆటగాళ్ళు కాళ్ళు చాపుకుని, మళ్ళీ నెమ్మదిగా ప్రీసీజన్‌లో బరువు పెంచుకునే రోజులవి. రోడ్రికి ఆ వీలు దొరకలేదు. అల్ హిలాల్‌తో మ్యాచ్‌లో సబ్‌స్టిట్యూట్‌గా వచ్చి, ఎక్స్‌ట్రా టైమ్ ముగియకముందే మళ్ళీ బయటికి వెళ్ళాల్సి వచ్చింది. కొత్త సీజన్‌లో, అక్టోబర్‌లో బ్రెంట్‌ఫర్డ్‌పై తొడ వెనక కండరం పట్టేసి సగం ఆట కూడా ఆడకుండానే వెళ్ళిపోయాడు. మోకాలు బాగుంది, చుట్టూ ఉన్న కండరాలు తిరగబడుతున్నాయి. ఏసీఎల్ తర్వాతి ఏడాదిలో మేం ఎక్కువగా చూసే బాధ ఇదే. నెలల తరబడి మ్యాచ్ వేగం ఎరగని కండరాల మీద ఒక్కసారిగా మూడు రోజులకో మ్యాచ్ వచ్చి పడుతుంది.

దీని పక్కన లివర్‌పూల్ డిఫెండర్ వాన్ డైక్‌ను పెట్టి చూడండి. 2020 అక్టోబర్ 17న గూడిసన్ పార్క్‌లో ఎవర్టన్ గోల్‌కీపర్ పిక్‌ఫర్డ్ ఢీకొట్టడంతో మోకాలు పోయింది. 2021 వేసవిలో యూరో (యూరప్ దేశాల టోర్నీ) వచ్చింది. నెదర్లాండ్స్ కెప్టెన్, దేశమంతా ఎదురుచూస్తోంది. ఆడనని తనే మే నెలలో చెప్పేశాడు. జులైలో లివర్‌పూల్‌తో పూర్తి ప్రీసీజన్‌కు వెళ్ళి, స్నేహపూర్వక మ్యాచ్‌ల్లో కొద్దికొద్దిగా ఆడి, ఆగస్టులో నారిచ్‌పై లీగ్ మొదటి మ్యాచ్‌లో దిగాడు. ఆ సీజన్ లీగ్‌లో 34 మ్యాచ్‌లు ఆడాడు. జట్టు రెండు దేశీయ కప్పులు గెలిచింది, 92 పాయింట్లతో లీగ్‌లో రెండో స్థానం, యూరప్ క్లబ్బుల అతిపెద్ద టోర్నీ చాంపియన్స్ లీగ్ ఫైనల్ దాకా వెళ్ళింది. ఆ యూరో వదులుకోవడం అతని కెరీర్‌లో తీసుకున్న గొప్ప నిర్ణయాల్లో ఒకటని నేను గట్టిగా నమ్ముతాను. అతను డిఫెండర్ కావడం కూడా కలిసొచ్చిందనేది నిజం. ఆట అతని ముందు జరుగుతుంది. మిడ్‌ఫీల్డర్‌కు నాలుగు వైపులా జరుగుతుంది, మైదానం అంచున ఆడే వింగర్‌కైతే నిమిషానికోసారి ఆగి, తిరిగి, పరుగెత్తాలి. అందుకే ఒకే గాయానికి ఒక్కో పొజిషన్‌లో ఒక్కో గడువు.

ఫైనల్ అయితే? అభిమానులు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే అని నా అభిప్రాయం, కోచ్‌లు కూడా.

2019 చాంపియన్స్ లీగ్ ఫైనల్ గుర్తుందా? టోటెన్‌హామ్ స్ట్రైకర్ హ్యారీ కేన్‌కు ఏప్రిల్ 9న మాంచెస్టర్ సిటీపై చీలమండ లిగమెంట్లు దెబ్బతిన్నాయి. అతను లేకుండానే టోటెన్‌హామ్ సెమీస్‌లో అయాక్స్‌ను వాళ్ళ గడ్డ మీద ఓడించింది. లూకాస్ మౌరా హ్యాట్రిక్, మూడోది ఆఖరి క్షణాల్లో. జూన్ 1న ఫైనల్. కోచ్ పొచెట్టినో కేన్‌ను మొదటి నిమిషం నుంచీ దించి, మౌరాను బెంచ్ మీద కూర్చోబెట్టాడు. ఏడు వారాలుగా మ్యాచ్ ఆడని కేన్ ఆట సాగినంతసేపూ కనబడీ కనబడనట్టు ఉన్నాడు. 2-0తో ఓడారు.

ఆ మ్యాచ్ గురించి చెప్పేవాళ్ళు ఒక విషయం వదిలేస్తారు. అవతలి జట్టు లివర్‌పూల్‌లో ఫిర్మినో కూడా గాయం నుంచే వచ్చాడు. సెమీస్‌లో బార్సిలోనాపై 4-0 గెలిచిన రాత్రి అతను జట్టులో లేడు. కోచ్ క్లాప్ కూడా అతన్ని మొదటి నుంచే దించాడు. ఫిర్మినో కూడా ఏమంత ఆడలేదు. కానీ 58వ నిమిషంలోనే క్లాప్ అతన్ని బయటికి పిలిచి ఒరీగిని పంపాడు. 87వ నిమిషంలో ఒరీగి గోల్ కొట్టాడు. ఇద్దరు కోచ్‌లు ఆడింది ఒకే జూదం. ఒకరు మాత్రం ఎప్పుడు లేవాలో ముందే అనుకుని కూర్చున్నారు. గాయం నుంచి వచ్చినవాణ్ణి ఎలాగూ మొదటి నుంచే దించుతానంటే, ఏ నిమిషంలో తీస్తారో, ఎవర్ని పంపుతారో మ్యాచ్‌కు ముందే అతనికే చెప్పేయాలి. లేకపోతే అతని పేరు చూసి కోచ్ చెయ్యి ఆడదు.

2014 చాంపియన్స్ లీగ్ ఫైనల్ ఇంకా కఠినమైన ఉదాహరణ. అట్లెటికో మాడ్రిడ్ స్ట్రైకర్ డియెగో కోస్టాకు వారం ముందే బార్సిలోనా మ్యాచ్‌లో తొడ కండరం పట్టేసింది. బెల్‌గ్రేడ్ వెళ్ళి గుర్రపు మాయ (ప్లాసెంటా)తో చికిత్స చేయించుకున్నాడని అప్పట్లో పెద్ద వార్త. లిస్బన్‌లో జరిగిన ఫైనల్లో కోచ్ సిమియోనే అతన్ని దించాడు. తొమ్మిదో నిమిషంలో బయటికి వచ్చేశాడు. అందరూ కోస్టా గురించే మాట్లాడారు, నేను ఆ పోయిన సబ్‌స్టిట్యూషన్ గురించి మాట్లాడతాను. అప్పట్లో మూడే మార్పులు. ఒకటి తొమ్మిదో నిమిషంలోనే ఖర్చయిపోయింది. 93వ నిమిషంలో ప్రత్యర్థి రియల్ మాడ్రిడ్ డిఫెండర్ రామోస్ స్కోరు సమం చేసి ఆటను ఎక్స్‌ట్రా టైమ్‌కు లాగాడు. అప్పటికి అట్లెటికో మూడు మార్పులూ అయిపోయాయి. అట్లెటికో డిఫెండర్ హువాన్‌ఫ్రాన్ కుంటుతూనే ఆడాడు, మార్చడానికి వీల్లేదు. 4-1తో ఓడారు. సగం మానిన ఆటగాణ్ణి దించినప్పుడు రిస్కు అతని కాలికి మాత్రమే కాదు, మిగతా పదిమందికి కూడా.

ఇప్పుడు ఐదు మార్పులు ఉన్నాయి, 2022 నుంచి అది శాశ్వత నిబంధన. గాయం నుంచి వచ్చేవాళ్ళకు ఈ మధ్యకాలంలో జరిగిన గొప్ప మేలు ఇదే అంటాను. ఇంతకు ముందు చివరి ఇరవై నిమిషాల కోసం ఒకణ్ణి దాచి ఉంచడం కోచ్‌కు భారంగా ఉండేది. ఇప్పుడు ఆ సాకు లేదు.

గోల్‌కీపర్ సడలింపు అన్నాను కదా. 2024 చాంపియన్స్ లీగ్ ఫైనల్‌కు ముందు రియల్ మాడ్రిడ్ అభిమానులు రెండుగా చీలిపోయారు. మొదటి గోల్‌కీపర్ కోర్త్వాకు 2023 ఆగస్టులో ఏసీఎల్ తెగింది, 2024 మార్చిలో రెండో మోకాలి మెనిస్కస్ (ఎముకల మధ్య మెత్తలాంటి మృదులాస్థి) దెబ్బతింది. ఆ సీజన్ చాంపియన్స్ లీగ్ నాకౌట్లన్నీ (ఫైనల్ తప్ప) అతని బదులు లూనిన్ ఆడాడు. క్వార్టర్స్‌లో మాంచెస్టర్ సిటీపై పెనాల్టీ షూటౌట్‌లో రెండు ఆపాడు. న్యాయంగా చూస్తే చోటు అతనిదే. కోచ్ ఆన్చెలొట్టి కోర్త్వాను ఎంచుకున్నాడు. ఫైనల్‌కు ముందు లూనిన్‌కు ఫ్లూ రావడంతో వాదన కొంత చల్లబడింది కానీ, అది రాకపోయినా ఆ నిర్ణయం తప్పని నేను అనను. కారణాలు రెండు. కోర్త్వా మే 4న కాడిజ్‌పై తిరిగొచ్చి ఆ నెలలో లీగ్ మ్యాచ్‌లు ఆడాడు, అంటే నేరుగా ఫైనల్లో ఊడిపడలేదు. రెండోది, గోల్‌కీపర్ పదేసి కిలోమీటర్లు పరుగెత్తడు, పూర్తి వేగంలో దిక్కు మార్చుకునే అవసరం అతనికి తక్కువ. మొదటి సగంలో డార్ట్‌మండ్ మీద మీద పడుతున్నప్పుడు కోర్త్వా గోల్ కాపాడాడు, మాడ్రిడ్ 2-0తో గెలిచింది. లూనిన్‌కు అన్యాయం జరిగిందని ఎవరైనా బాధపడితే ఆ బాధ నాకు అర్థమవుతుంది. ఆట పరంగా మాత్రం ఇది కేన్ కేసు లాంటిది కాదు.

మాజీ నంబర్ వన్ అయినా బెంచ్ మీద నుంచే రావడం అవమానం కాదని చూపించిన పేరు ఒకటుంది: అలెక్సియా పుతెయాస్. వరసగా రెండు బాలన్ డోర్లు గెలిచిన ఆటగత్తె. 2022 జులైలో యూరోకు సరిగ్గా ముందు ఏసీఎల్ తెగింది. 2023 ఏప్రిల్ ఆఖరుకు మళ్ళీ మైదానంలోకి వచ్చింది. అదే ఏడాది వరల్డ్ కప్ ఫైనల్లో స్పెయిన్ ఆమెను మొదటి నుంచి ఆడించలేదు, ఆఖరి నిమిషాల్లో దించింది. యువ ఆటగత్తె సల్మా పరల్యువెలో మొదటి పదకొండులో ఆడింది. స్పెయిన్ 1-0తో ప్రపంచ విజేత. ఆడవాళ్ళ ఫుట్‌బాల్‌లో ఏసీఎల్ గాయాలు మగవాళ్ళ కన్నా బాగా ఎక్కువ. మన అమ్మాయిల జట్లకు సాయం చేసేవాళ్ళు ఈ సమాధానం చదువుతుంటే, వార్మప్‌లో గెంతి దిగే ఎక్సర్‌సైజులు మాత్రం వదలకండి.

"మరి రొనాల్డో?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. బ్రెజిల్ రొనాల్డో సంగతి. 1999 నవంబర్‌లో ఇంటర్ మిలాన్ తరఫున లెచ్చేపై మోకాలు పోయింది. 2000 ఏప్రిల్‌లో లాజియోతో కప్ ఫైనల్లో తిరిగొచ్చిన కొద్ది నిమిషాలకే, ఎవరూ తాకకుండానే అదే మోకాలు మళ్ళీ పోయి కుప్పకూలాడు. ఆ దృశ్యం నేను ఇప్పటికీ పూర్తిగా చూడలేను. ఆ తర్వాతి సీజన్ మొత్తం పోయింది. 2002 వరల్డ్ కప్‌కు రొమారియోను తీసుకోవాలని దేశమంతా గోల పెడుతుంటే కోచ్ స్కొలారి రొనాల్డోను తీసుకున్నాడు. ఎనిమిది గోల్స్, ఫైనల్లో రెండు, కప్పు. అభిమానులకు గుర్తుండేది ఇంతవరకే. నాకు గుర్తుండేది, ఆ టోర్నీలో చాలా మ్యాచ్‌ల్లో స్కొలారి అతన్ని 70 నిమిషాల ప్రాంతంలో బయటికి పిలిచేశాడని. టర్కీపై సెమీస్‌లో ఉన్న ఒక్క గోల్ అతనిదే, అయినా ఆట ముగిసేదాకా ఉంచలేదు. ఫైనల్లో అతను అంత తేలిగ్గా కదలడానికి అది ఒక కారణం. కాబట్టి రొనాల్డో కథ తొందరపడమని చెప్పదు. 2000 ఏప్రిల్‌లో తొందరపడితే ఏం జరిగిందో, 2002లో లెక్క పెట్టుకుని వాడితే ఏం జరిగిందో రెండూ అందులోనే ఉన్నాయి.

మన హైదరాబాదీ ఒకాయన కూడా ఈ ప్రశ్నకు తనదైన జవాబు చెప్పాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్. థాయ్‌లాండ్‌తో మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. అతన్ని పక్కన పెట్టేయొచ్చు, లేదా ఎప్పటిలా డిఫెన్స్‌లోనే దించొచ్చు. రహీమ్ సాబ్ రెండూ చేయలేదు. సెమీస్‌లోనూ ఫైనల్లోనూ అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. రెండింటిలోనూ జర్నైల్ గోల్ కొట్టాడు, ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1తో స్వర్ణం. ఇవాళ తలకు దెబ్బ తగిలిన ఆటగాణ్ణి అలా దించకూడదు, కాంకషన్ (తల దెబ్బతో మెదడు అదరడం) నియమాలు ఒప్పుకోవు, ఒప్పుకోకపోవడమే మంచిది. నేను అందులోంచి తీసుకునేది వేరే. గాయమైన ఆటగాడి విషయంలో ఆడించాలా వద్దా అన్న ఒక్క ప్రశ్న సరిపోదు. ఎక్కడ, ఎంతసేపు, ఏ పనికి అన్నవి కూడా తేల్చుకోవాలి. ఏసీఎల్ నుంచి వచ్చిన హోల్డింగ్ మిడ్‌ఫీల్డర్‌ను (డిఫెన్స్ ముందు నిలబడి కాపు కాసేవాణ్ణి) మొదటి నెల రెండు గోల్స్ ఆధిక్యం ఉన్నప్పుడే దించితే, అతను చేయాల్సిన పని సగానికి సగం తగ్గుతుంది.

కండరాల గాయాలకు లెక్క వేరు, క్లుప్తంగా చెప్పేస్తాను. యూరప్ క్లబ్బుల్లో మొత్తం గాయాల్లో హ్యామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) వాటా 2001-02లో 12 శాతం, 2021-22 నాటికి 24 శాతం. వీటిలో ఐదో వంతుకు కొంచెం తక్కువ పాతవే తిరగబెట్టినవి, అలా తిరగబెట్టినవాటిలో మూడింట రెండు వంతులు రెండు నెలల లోపే వచ్చాయి. హ్యామ్‌స్ట్రింగ్ నుంచి మూడు వారాల్లో తిరిగొచ్చినవాణ్ణి "చిన్న గాయమేగా" అని వెంటనే 90 నిమిషాలు ఆడించమనేవాళ్ళు ఈ రెండు నెలల మాట గుర్తుంచుకోవాలి. నా దగ్గర ఒకటే నియమం. గ్రౌండ్ మీద పూర్తి వేగంతో, తన గరిష్ఠ వేగాన్ని అందుకునేలా పలుమార్లు పరుగెత్తనివాణ్ణి మ్యాచ్‌కు పంపను. ట్రెడ్‌మిల్ మీద, సైకిల్ మీద ఎంత చేసినా అది లెక్కలోకి రాదు.

చోటు కాపాడిన కుర్రాడి సంగతి. స్టార్ రాగానే అతన్ని తీసేస్తే డ్రెస్సింగ్ రూమ్ మొత్తానికి అర్థమయ్యేది ఒకటే: ఇక్కడ ఆట కన్నా పేరు పెద్దది. తర్వాతి సారి ఎవరైనా గాయపడితే ఆ చోటు కోసం ప్రాణం పెట్టి ఆడేవాడు దొరకడు. పైగా స్టార్‌కే అది చెడు చేస్తుంది. వెనక తన బరువు మోసేవాడు ఉన్నాడని తెలిస్తేనే 65వ నిమిషంలో కాలు కొంచెం పట్టినట్టు అనిపిస్తే చెయ్యెత్తి చెప్తాడు. లేకపోతే దాచుకుంటాడు. దాచుకున్న నొప్పులే మళ్ళీ మా టేబుల్ మీదకు వస్తాయి.

చిన్న వయసు వాళ్ళ విషయంలో నేను ఇంకా మొండిగా ఉంటాను. పదిహేడేళ్ళ అకాడమీ కుర్రాడు, ఆపరేషన్ అయి ఆరో నెల, ఊళ్ళో ఒక పెద్ద జట్టు సెలక్షన్ ట్రయల్స్. వాళ్ళ నాన్న నా ముందు కూర్చుని, "ఒక్కరోజే కదా సార్, ఈ చాన్స్ పోతే మళ్ళీ వస్తుందా?" అని అడిగాడు. పరీక్షల కాగితం ఆయన చేతిలో పెట్టి, కుడికాలి అంకె, ఎడమకాలి అంకె పక్కపక్కన చూపించాను. ట్రయల్స్‌లో కుర్రాళ్ళు మామూలు మ్యాచ్ కన్నా గట్టిగా ఆడతారు, ఆ ఒక్కరోజే అన్నిటికన్నా ప్రమాదమని చెప్పాను. ఇంకో మాట కూడా చెప్పాల్సి వచ్చింది. ఇంత చిన్నవాళ్ళలో రెండో మోకాలికి కూడా ముప్పు ఉంటుంది. అంతటి మాడ్రిడ్ డిఫెండర్ మిలితావోకు 2023 ఆగస్టులో ఎడమ మోకాలు, 2024 నవంబర్‌లో కుడి మోకాలు పోయాయి. ఆ తండ్రి చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత కొడుకు భుజం మీద చెయ్యి వేసి తీసుకెళ్ళాడు. ఆ ఏడాది ట్రయల్స్‌కు పంపలేదు. మరుసటి ఏడాది పంపాడు. కుర్రాడు ఇప్పుడు రెండు మోకాళ్ళతో హాయిగా ఆడుతున్నాడు.

ఇక టీవీలో మ్యాచ్ చూస్తూ ఫామ్ వచ్చిందో లేదో మీరే ఎలా పట్టుకోవాలి? గోల్స్, అసిస్టులు ఇప్పుడప్పుడే చూడకండి. బంతి రాకముందు అతని తల తిరుగుతోందా చూడండి. గాయమైన కాలి వైపు కూడా తిరుగుతున్నాడా, లేక ప్రతిసారీ బాగున్న వైపుకే తిరిగి వెనక్కి పాస్ ఇస్తున్నాడా చూడండి. యాభై-యాభై బంతికి (ఇద్దరికీ సమానంగా అందే బంతికి) పూర్తిగా వెళ్తున్నాడా, ఆఖరి అడుగులో తగ్గుతున్నాడా అన్నది గమనించండి. బంతి పోయాక వెనక్కి పరుగెత్తే వేగం 20వ నిమిషంలో ఎలా ఉంది, 75లో ఎలా ఉంది పోల్చండి. అన్నిటికన్నా ముఖ్యంగా, పూర్తి మ్యాచ్ ఆడిన మూడో రోజున మళ్ళీ మ్యాచ్ ఉంటే అందులో ఎలా కదులుతున్నాడో చూడండి. ఒక్క మ్యాచ్‌లో మెరవడం చాలామంది చేస్తారు, తిరిగొచ్చిన ఉత్సాహమే అంత పని చేయిస్తుంది. మూడో రోజు కాళ్ళు మాత్రం అబద్ధమాడవు.

ప్రశ్న చివర్లో మీరు "ఆ కుర్రాడు రెండు మ్యాచ్‌లు చెడగొడితే అప్పుడైనా స్టార్‌ను దించొచ్చా?" అని అడిగారు. కుర్రాడు చెడగొడితే కుర్రాణ్ణి మార్చండి, ఇంకొకరికి చాన్స్ ఇవ్వండి, ఫార్మేషన్ మార్చండి. స్టార్ నిమిషాల లెక్క మాత్రం అతని మోకాలిని బట్టే నడవాలి. ఈ వారం 30 నిమిషాలు అనుకుంటే 30 నిమిషాలే. జట్టు ఓడిపోతోందని 60 చేస్తే, వచ్చే వారం సున్నా అయ్యే ప్రమాదం ఉంది.